కృష్ణా డెల్టాలో జిల్లేడు సీతాకోకచిలుక: ఋతు పరిశీలన – ఛాయాచిత్ర సాక్ష్యం

వ్యాససంగ్రహం:

కృష్ణా డెల్టా కాలువగట్లపైనా, బీళ్లలోనూ తరచుగా కనిపించే నారింజవన్నె సీతాకోకచిలుక డనాస్ క్రిసిప్పస్. ఆంగ్లంలో దీనిని ప్లెయిన్ టైగర్ అంటారు. ఇది సర్వసాధారణమైన జాతి కనుక ప్రత్యేకంగా నమోదు చేయవలసిన అవసరం లేదన్న అభిప్రాయం వ్యాప్తిలో ఉంది. సాధారణ జాతి పరిస్థితిని చెప్పడానికి కావలసిన ఆధారాలు అరుదైన జాతి విషయంలో కంటే తక్కువగా ఉండటానికి ఆ అభిప్రాయమే కారణమవుతున్నది. ఈ జాతి జీవనచక్రం, జిల్లేడు మొక్కతో దీని సంబంధం, దీనిని అనుకరించే మరొక జాతి వల్ల కలిగే గుర్తింపు సమస్య, డెల్టా వ్యవసాయ ఋతుక్రమం అనే నాలుగు అంశాల ఆధారంగా, ఒక ఋతువు పొడవునా సాగే ఛాయాచిత్ర పరిశీలన ఎట్లా ఉండాలో ఈ వ్యాసం వివరిస్తుంది. అందమైన చిత్రానికీ, సాక్ష్యంగా నిలిచే చిత్రానికీ ఉన్న భేదాన్ని నిరూపిస్తుంది.

కీలకపదాలు: సీతాకోకచిలుక, జిల్లేడు, కృష్ణా డెల్టా, విజయవాడ, ఛాయాచిత్రం, అనుకరణ, ఋతు పరిశీలన, శూన్య నమోదు.

1. ఉపోద్ఘాతం:

రథసప్తమినాడు తలపై జిల్లేడాకులు, రేగుపండ్లు పెట్టుకొని స్నానం చేయడం తెలుగువారికి తరతరాల ఆచారం. ఆ ఆకుల కోసం కాలువగట్టుకు వెళ్లినవారు ఆకుల వెనుక నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో మెరిసే గొంగళిపురుగును చూసే ఉంటారు. చాలామంది ఆ ఆకును వదలి పక్క ఆకును కోసుకుంటారు. వారు వదిలిన ఆకుపై పెరుగుతున్న జీవి కొన్నాళ్లకు నారింజరంగు రెక్కలతో అదే గట్టుపై ఎగురుతుంది. గొంగళిపురుగునూ సీతాకోకచిలుకనూ ఇద్దరూ ఎరిగినవారే అయినా, అవి రెండూ ఒకటేనని గుర్తించేవారు తక్కువ.

సర్వత్రా కనిపించే జీవి గురించి సమాచారం సమృద్ధిగా ఉంటుందని భావించడం సహజం. వాస్తవం తరచూ దీనికి విరుద్ధంగా ఉంటుంది. అరుదైన పక్షి కనిపించిన రోజును పరిశీలకుడు తేదీతో సహా రాసుకుంటాడు. రోజూ కనిపించే సీతాకోకచిలుకను రాసుకోడు. ఫలితంగా, కొన్ని సంవత్సరాల తరువాత అది తగ్గిందా, పెరిగిందా అని ఎవరైనా అడిగితే జ్ఞాపకం తప్ప మరే ఆధారమూ మిగలదు.

ఇది ఊహామాత్రమైన ఇబ్బంది కాదు. 2024 సెప్టెంబరు తొలి రోజులలో బుడమేరు వరద విజయవాడలోని సింగ్‌నగర్ తదితర ప్రాంతాలను ముంచెత్తింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరదనీరు దిగువకు వెళ్లింది. గట్లపైనున్న పొదలు రోజుల తరబడి నీటిలో నిలిచిన చోట ఆకులపై ఉన్న గుడ్లకు, గొంగళిపురుగులకు ఏమైంది? నీరు తీసిన ఎన్ని వారాలకు సీతాకోకచిలుకలు తిరిగి వచ్చాయి? ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పాలంటే వరదకు ముందు అదే గట్టుపై, అదే మొక్కపై తేదీలతో కూడిన నమోదు ఉండి తీరాలి. విపత్తు వచ్చిన తరువాత ఆ నమోదును తయారు చేయడం ఎవరికీ సాధ్యం కాదు.

2. పరిశీలన ప్రదేశం – డెల్టా నేల, నీరు, గట్టు:

1850ల నాటి ఆనకట్ట, దాని స్థానంలో 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజి కృష్ణా డెల్టా రూపురేఖలను నిర్ణయించాయి. సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టుకు నీరందించే ఈ వ్యవస్థలో బందరు, ఏలూరు, రైవస్ కాలువలు విజయవాడ నగరం మధ్యనుంచే సాగుతాయి. అక్కడి నుంచి పంట కాలువలుగా, పిల్లకాలువలుగా, మురుగుకాలువలుగా చీలి సముద్రతీరం వరకు విస్తరిస్తాయి.

ఈ నేలలో సహజమైన గడ్డిభూమి అంటూ విశాలంగా మిగిలింది తక్కువ. వరిచేలు, చెరకుతోటలు, చేపలచెరువులు, ఇళ్లస్థలాలు నేలలో అధికభాగాన్ని ఆక్రమించాయి. గడ్డిభూమిని ఆశ్రయించే జీవులకు మిగిలినవి కాలువగట్లు, డొంకదారులు, రైలుమార్గపు అంచులు, శ్మశానాలు, సాగుచేయని బీళ్లు, విజయవాడలోని మొగల్రాజపురం, గుణదల వంటి కొండల దిగువ వాలులు. ఇవన్నీ సన్నని పట్టీలు. ఒక్కొక్క పట్టీ వైశాల్యం స్వల్పమే అయినా, కాలువ పొడవునా అవి ఒకదానితో ఒకటి కలిసి ఉండటం వల్ల జీవుల రాకపోకలకు మార్గాలవుతాయి.

ఈ పట్టీలలో విరివిగా పెరిగేది జిల్లేడు. లోతైన వేరు, మందమైన ఆకు, పశువులు ముట్టని పాలు దీని బలాలు. వేసవిలో కాలువలకు నీరు ఆగి, గట్టుమీద గడ్డి ఎండిపోయినప్పుడు కూడా జిల్లేడు పచ్చగా ఉంటుంది. అందుచేత డెల్టాలో ఈ సీతాకోకచిలుక పరిశీలన ఆచరణలో జిల్లేడు పరిశీలనగా మారుతుంది.

3. జాతి పరిచయం:

స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లినేయస్ 1758లో ఈ జాతిని శాస్త్రీయంగా నామకరణం చేశాడు. ఆఫ్రికా, పశ్చిమాసియా, భారత ఉపఖండం, ఆగ్నేయాసియాల మీదుగా దీని వ్యాప్తి విస్తరించి ఉంది. మానవుడు చిత్రించిన తొలి సీతాకోకచిలుకల్లో ఇది ఒకటి. క్రీ.పూ. 1350 ప్రాంతానికి చెందిన ఈజిప్టు అధికారి నెబామున్ సమాధి కుడ్యచిత్రంలో దీని రూపం స్పష్టంగా కనిపిస్తుంది. ఆ చిత్రఖండం నేడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. సుమారు మూడువేల నాలుగువందల ఏళ్ల తరువాత కూడా ఆ చిత్రంలోని జాతిని గుర్తించగలుగుతున్నామంటే, రెక్కల అంచులను, చుక్కలను ఆ చిత్రకారుడు శ్రద్ధగా గమనించడమే కారణం.

చాచిన రెక్కల వెడల్పు సుమారు 7 నుంచి 8 సెంటీమీటర్లు. రెక్కలది నారింజ కలిసిన గోధుమవన్నె. ముందురెక్క కొన నల్లగా ఉండి, ఆ నలుపుపై తెల్లని మచ్చల పట్టీ ఉంటుంది. వెనుకరెక్క అంచున సన్నని నల్లని పట్టీ, మధ్యభాగంలో కొన్ని నల్లని చుక్కలు ఉంటాయి. తల, వక్షం నల్లగా ఉండి తెల్లని చుక్కలు కలిగి ఉంటాయి. నేలకు దగ్గరగా, తొందరలేని నడకలా సాగే ఎగరడం దీని స్వభావం.

తెలుగులో దీనికి స్థిరపడిన ప్రత్యేకనామం లేదు. మలయాళంలో దీనిని 'ఎరిక్కుతప్పి' అంటారు. అందులోని 'ఎరిక్కు' అంటే జిల్లేడు. ఆహారపు మొక్కను పేరులోనే చేర్చడం వల్ల ఆ పేరు తెలిసినవారికి జీవిని ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది. ఆ పద్ధతిని అనుసరించి ఈ వ్యాసంలో దీనిని 'జిల్లేడు సీతాకోకచిలుక' అని వ్యవహరించడం జరిగింది.

4. జిల్లేడుతో బంధం – జీవనచక్రం:

4.1 గుడ్డు: ఆడ సీతాకోకచిలుక జిల్లేడాకుపై వాలి, ముందుకాళ్లతో తాకి మొక్కను నిర్ధారించుకొని, ఎక్కువగా ఆకు అడుగున ఒక్కొక్క గుడ్డు చొప్పున పెడుతుంది. వెండిలా మెరిసే తెల్లని గుడ్డుపై నిలువు గాడులు ఉంటాయి. పరిమాణం ఆవగింజ కంటే చిన్నది. జిల్లేడుతో పాటు దుష్టపుతీగ వంటి పాలుగల మొక్కలపైనా గుడ్లు పెడుతుంది.

4.2 గొంగళిపురుగు: మూడు నుంచి ఐదు రోజులలో గుడ్డు నుంచి వెలువడిన పురుగు మొదట తన గుడ్డు పెంకునే తింటుంది. ఐదు దశలలో పెరుగుతుంది. వెన్నుపై మూడు జతల నల్లని పొడవాటి తంతువులు ఉండటం దీని ప్రధాన లక్షణం. జిల్లేడు పాలు జిగురుగా గడ్డకట్టి పురుగు నోటిని మూసివేయగలవు. ఈ అపాయాన్ని తప్పించుకోవడానికి ఎదిగిన పురుగు ముందుగా ఆకు ఈనెను కొరికి, పాలధారను ఆపి, ఆ తరువాత కోతకు ఆవలి భాగాన్ని తింటుంది. కొరికిన ఈనె దగ్గర ఆకు వాలిపోయి కనిపించడం పరిశీలకునికి మంచి గుర్తు.

జిల్లేడు పాలలో గుండె పనిచేసే తీరును దెబ్బతీసే కార్డినోలైడ్ అనే విషపదార్థాలు ఉంటాయి. జంతుకణాల్లో సోడియం, పొటాషియం లవణాలను అటూ ఇటూ పంపే ఎంజైమును ఇవి స్తంభింపజేస్తాయి. డనాస్ ప్రజాతిలో ఆ ఎంజైము నిర్మాణం కొద్దిగా మారి ఉండటం వల్ల విషం దానికి గట్టిగా అంటుకోదు. అందువల్ల పురుగు ఆ విషాన్ని తట్టుకోవడమే కాక, దానిలో కొంతభాగాన్ని శరీరంలో నిల్వ చేసుకుంటుంది. ఆ నిల్వ ప్రౌఢదశకూ చేరుతుంది. ఒకసారి తిని కక్కుకున్న పక్షి ఆ రంగును గుర్తుంచుకుంటుంది. అయితే నిల్వ పరిమాణం అన్నింటిలో ఒకేలా ఉండదు. విషం తక్కువగా ఉన్నవి తమ జాతిలోని ఇతరుల చెడ్డపేరు చాటున రక్షణ పొందుతాయి.

4.3 ప్యూపా: ఎదిగిన పురుగు ఆకు అడుగునో, పక్కనున్న పుల్లకో తలకిందులుగా వేలాడి ప్యూపాగా మారుతుంది. పరిసరాలను బట్టి ప్యూపా ఆకుపచ్చగానో, లేత గులాబీవన్నెలోనో ఉంటుంది. దానిపై నలుపు, బంగారువన్నె గీత కనిపిస్తుంది. వేడి ప్రాంతాలలో గుడ్డు నుంచి రెక్కలు వచ్చేవరకు సుమారు మూడు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అంటే జూలై నుంచి జనవరి వరకు పరిస్థితులు అనుకూలిస్తే ఒకే గట్టుపై ఆరేడు తరాలు పూర్తికావచ్చు. ఒక ఋతువులో చూసే సీతాకోకచిలుకలు ఒకే గుంపు కావు. ఒకదాని వెనుక ఒకటిగా వచ్చే తరాలు.

4.4 శత్రువులు, సహవాసులు: విషం ఉన్నంతమాత్రాన రక్షణ సంపూర్ణం కాదు. టాకినిడ్ జాతి ఈగలు, సన్నని పరాన్నజీవి కందిరీగలు గొంగళిపురుగు శరీరాన్ని తమ సంతతికి ఆహారంగా మార్చుకుంటాయి. అదే జిల్లేడుపై రంగుల మిడత, పసుపువన్నె పేనుబంక కూడా జీవిస్తాయి. ఆకుకు పడిన రంధ్రాలను మాత్రమే చిత్రించి, అవి సీతాకోకచిలుక పనేనని రాయడం పొరపాటు. తిన్న జీవి కూడా చిత్రంలో కనిపించాలి.

5. మగ సీతాకోకచిలుకలు – జనుము, నాగదంతి:

మగవాటికి ఆకు, తేనె మాత్రమే చాలవు. ఆడదానిని ఆకర్షించే వాసనద్రవ్యాన్ని తయారుచేయడానికి పైరోలిజిడీన్ ఆల్కలాయిడ్లు అనే రసాయనాలు కావాలి. ఇవి జనుము, గిలిగిచ్చ మొదలైన క్రోటలేరియా జాతుల్లోనూ, తేలుతోకలా వంపు తిరిగిన పూగుత్తి గల నాగదంతిలోనూ లభిస్తాయి. మగవి ఈ మొక్కల ఎండిన, గాయపడిన భాగాలపై వాలి రసం పీలుస్తాయి. ఆ రసాయనాలలో కొంతభాగం జతకట్టినప్పుడు ఆడదానికి, దాని ద్వారా గుడ్లకు చేరి వాటికి రక్షణనిస్తుంది.

కృష్ణా డెల్టా రైతులు వరి తరువాత పశుగ్రాసం కోసం జనుమును, పిల్లిపెసరను సాగుచేయడం పరిపాటి. కోసిన జనుము మోపులు గట్టుపై ఎండుతున్నప్పుడు వాటిపై పూలు లేకపోయినా సీతాకోకచిలుకలు ఎందుకు మూగుతాయో పై వివరణవల్ల తెలుస్తుంది. ఒకే జీవి గుడ్డు పెట్టడానికి బీడులోని జిల్లేడును, జతకట్టడానికి పొలంలోని జనుమును ఆశ్రయిస్తున్నది. బీడు, పొలం అనే విభజన మనిషి గీసినది. సీతాకోకచిలుక బ్రతుకు ఆ రెంటికీ నడుమ సాగుతుంది.

6. గుర్తింపు సమస్య – అనుకర్త:

రుచికరమైన జీవి, రుచిలేని జీవి రూపాన్ని పోలి ఉండి రక్షణ పొందడాన్ని ఆంగ్ల ప్రకృతి శాస్త్రవేత్త హెన్రీ వాల్టర్ బేట్స్ 1862లో వివరించాడు. అందుకే దీనికి బేట్సియన్ అనుకరణ అనే పేరు వచ్చింది. జిల్లేడు సీతాకోకచిలుకను అనుకరించే జాతి హైపోలిమ్నస్ మిసిప్పస్. ఆంగ్లంలో డనెయిడ్ ఎగ్‌ఫ్లై. దీనిలో మగది నల్లని రెక్కలపై ఊదారంగు అంచుగల తెల్లని గుండ్రటి మచ్చలతో పూర్తిగా వేరుగా ఉంటుంది. ఆడది మాత్రం జిల్లేడు సీతాకోకచిలుకను అచ్చంగా పోలి ఉంటుంది. దీని గొంగళిపురుగు జిల్లేడును తినదు. గంగవావిలి కూర వంటి మొక్కలు దానికి ఆహారం.

ఈ పోలిక పరిశీలకునికి రెండు విధాల సమస్య. మొదటిది, లెక్క తప్పుతుంది. రెండవది, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు పట్టికలలో చోటు పొందిన ఒక జాతి, సాధారణ జాతిగా నమోదై కనబడకుండా పోతుంది. సాధారణ జాతిని శ్రద్ధగా చూడకపోవడం వల్ల దాని చాటునున్న మరొక జాతిని కూడా కోల్పోతాము.

రెంటినీ వేరుచేసే లక్షణాలు ఇవి:

(అ) జిల్లేడు సీతాకోకచిలుక వెనుకరెక్క మధ్యభాగంలో ఆడదానికి మూడు, మగదానికి నాలుగు నల్లని చుక్కలు ఉంటాయి. మగదాని నాలుగవ చుక్క నిజానికి వాసనద్రవ్యపు సంచి. రెక్క అడుగుభాగాన చూస్తే దాని నడుమ తెల్లగా కనిపిస్తుంది.

(ఆ) అనుకర్త అయిన ఆడ ఎగ్‌ఫ్లై వెనుకరెక్క ముందంచు దగ్గర ఒకే ఒక్క నల్లని మచ్చ ఉంటుంది.

(ఇ) ఎగ్‌ఫ్లై వెనుకరెక్క అంచు అలలుగా ఉంటుంది. జిల్లేడు సీతాకోకచిలుక రెక్క అంచు నునుపుగా సాగుతుంది.

గుర్తింపుకు కీలకమైన లక్షణాలలో అధికభాగం వెనుకరెక్కపైనే ఉన్నాయి. ముందురెక్క నారింజరంగును, తెల్లని పట్టీని ఎంత అందంగా చూపినా ఆ చిత్రం జాతిని నిర్ధారించలేదు.

7. ఛాయాచిత్రం సాక్ష్యం కావడానికి నియమాలు:

పై చర్చను అనుసరించి రెండు చిత్రాలను ఊహించవచ్చు. మొదటిదానిలో గడ్డిచేమంతి పూవుపై రెక్కలు చాచిన సీతాకోకచిలుక ఉంది. వెలుతురు బంగారంలా ఉంది, వెనుకభాగం మెత్తగా కరిగిపోయింది. అయితే వెనుకరెక్క సగం పూరేకుల వెనుక దాగింది. రెండవది ఎండవేళ తీసిన సాదా చిత్రం. రెక్కలు మూసుకొని పుల్లపై కూర్చున్న జీవి పక్కనుంచి కనిపిస్తున్నది. వెనుకరెక్కపై నాలుగు చుక్కలు, వాటిలో ఒకదాని నడుమ తెలుపు స్పష్టంగా ఉన్నాయి. ప్రదర్శనకు మొదటిది ఎంపికవుతుంది. పరిశోధనకు పనికివచ్చేది రెండవదే. జాతిని, లింగాన్ని కూడా అది ఒక్కటే చెప్పగలదు.

ఈ దృష్టితో పాటించదగిన నియమాలను ఇట్లా క్రమీకరించవచ్చు.

7.1 వేళ: సూర్యోదయం తరువాత తొలి రెండు గంటలు అనుకూలం. చల్లని శరీరాన్ని వేడిచేసుకోవడానికి సీతాకోకచిలుక రెక్కలు చాచి కూర్చుంటుంది. అప్పుడు రెక్కల పైభాగం దొరుకుతుంది. ఎండ పెరిగి, తేనె తాగుతున్నప్పుడు రెక్కలు మూస్తుంది. అప్పుడు అడుగుభాగం దొరుకుతుంది. సాయంత్రం ఎండిన పుల్లలపై కొన్ని గుంపుగా విశ్రమిస్తాయి.

7.2 పరికరం: 90 నుంచి 105 మిల్లీమీటర్ల మాక్రో లెన్స్ సౌకర్యమే గాని అనివార్యం కాదు. నెమ్మదిగా దగ్గరకు వెళ్లగలిగితే మొబైల్ ఫోను చాలు. రెక్కతలానికి కెమెరాను సమాంతరంగా ఉంచితే రెక్క అంతా స్పష్టంగా వస్తుంది. గాలి ఉన్నప్పుడు షట్టరు వేగం సెకనులో 500వ వంతు లేదా అంతకంటే తక్కువ సమయం ఉండాలి. పరిశీలకుని నీడ జీవిపై పడితే అది వెంటనే ఎగిరిపోతుంది.

7.3 నాలుగు చిత్రాల నియమం: ప్రతి నమోదుకు రెక్క అడుగుభాగం, సాధ్యమైతే పైభాగం, వాలిన మొక్క, పరిసరం అనే నాలుగు చిత్రాలు తీయాలి. కెమెరా గడియారం సరిగ్గా ఉందో లేదో బయలుదేరే ముందు చూసుకోవాలి. తేదీ తప్పితే ఆ చిత్రం ఋతు పరిశీలనకు పనికిరాదు.

7.4 జీవికి హాని లేకుండా: చిత్రం కోసం గొంగళిపురుగును మరో ఆకుపైకి మార్చరాదు. ఆకును తిప్పి చూసిన తరువాత తిరిగి యథాస్థితిలో ఉంచాలి. సీతాకోకచిలుకను చల్లబరచి కదలకుండా చేసి తీసిన చిత్రం దాని సహజ ప్రవర్తనకు సాక్ష్యం కాజాలదు.

7.5 పరిశీలకుని జాగ్రత్త: జిల్లేడు పాలు కంట పడితే కనుగుడ్డు దెబ్బతింటుంది. ఆకులు తాకిన చేతులతో కళ్లు నలుపుకోరాదు. డెల్టా గట్లపై రక్తపింజరలు ఉంటాయి కనుక బూట్లు, చేతికర్ర తప్పనిసరి.

8. డెల్టా ఋతుక్రమంలో పరిశీలన:

8.1 ఆషాఢ శ్రావణాలు: కాలువలకు నీరు వదిలి, నారుమళ్లు, నాట్లు సాగే కాలం. తొలివానలకు జిల్లేడు కొత్త చిగుళ్లు వేస్తుంది. పరిశీలన ప్రారంభించవలసిన సమయం ఇదే. ఒక గట్టుపై పది జిల్లేడు మొక్కలను ఎంచుకొని, వాటికి సంఖ్యలిచ్చి, పటం గీసుకోవాలి. ఆకు అడుగున గుడ్ల కోసం వెతకాలి.

8.2 భాద్రపద ఆశ్వయుజాలు: వరదలు, వాయుగుండాల కాలం. దేశవ్యాప్తంగా సెప్టెంబరులో సీతాకోకచిలుకల మాసంగా సాగే పౌర పరిశీలన కార్యక్రమం కూడా ఈ వేళకే వస్తుంది. ఒక నెల నమోదు ఉపయోగకరమే. కాని, డెల్టాలో ఆ నెల వరద నెల కావచ్చు. ముందునెలలతో పోల్చినప్పుడే దాని అర్థం తెలుస్తుంది. నీరు ఎంతవరకు ఎక్కిందో కాండంపై బురద చారను చిత్రించి నమోదు చేయాలి.

8.3 కార్తిక మార్గశిరాలు: వరికోతల కాలం. ఆకాశం తేటపడి, ఉదయాలు చల్లబడతాయి. చలికి జీవనచక్రపు వేగం తగ్గుతుంది. వారానికొకసారి చూసే పరిశీలకునికి ఒకే ప్యూపా రెండు వరుస పర్యటనల్లోనూ కనిపించవచ్చు. వాటిని రెండుగా లెక్కించకుండా మొక్క సంఖ్య, ఆకు స్థానం రాసుకోవాలి.

8.4 పుష్య మాఘాలు: కోతకు ముందే వరిలో చల్లిన మినుము, జనుము ఎదిగే కాలం. జనుము పసుపుపూలు పూస్తుంది. నాగదంతి, జనుము మోపుల దగ్గర మగవాటిని నాలుగవ చుక్క ఆధారంగా లెక్కించవచ్చు. రథసప్తమితో పరిశీలన ఋతువు ముగించవచ్చు. ఆకులు కోసేముందు అడుగుభాగం చూడటం ఆచారానికి భంగం కాదు.

ఈ క్రమంలో పరిశీలకుని అదుపులో లేనిది మానవచర్య. కాలువ పూడికతీతలో యంత్రం గట్టును చెక్కివేస్తుంది. కలుపుమందు పిచికారీ ఒక్కరోజులో గట్టంతటినీ మాడ్చివేస్తుంది. గట్టుకు కాంక్రీటు వేసినప్పుడు మొక్కకు చోటే ఉండదు. గట్టు పటిష్ఠత, నీటిపారుదల అవసరాలు కాదనలేనివి. అయితే ఏ గట్టును ఎప్పుడు శుభ్రం చేశారో తేదీతో రాసి ఉంచితే, పొడవైన గట్టును ఒక్కసారి కాక భాగాలుగా శుభ్రం చేయడం వల్ల సీతాకోకచిలుకలు తిరిగి రాగలవా అన్న ప్రశ్నను పరీక్షించవచ్చు.

9. లెక్కింపు – శూన్య నమోదు:

బ్రిటన్‌లో ఎర్నెస్ట్ పోలార్డ్ 1970లలో రూపొందించిన పద్ధతి సీతాకోకచిలుకల లెక్కింపుకు ప్రపంచవ్యాప్తంగా ఆధారమైంది. నిర్ణీత మార్గంలో, వారానికొకసారి, ఒకే వేగంతో నడుస్తూ, అయిదు మీటర్ల వెడల్పులో కనిపించినవాటిని మాత్రమే లెక్కించడం దీని సారాంశం. అక్కడ 1976లో ప్రారంభమైన జాతీయ పరిశీలన నేటికీ కొనసాగుతున్నది. ఈ పద్ధతికి ఖరీదైన పరికరం అక్కరలేదు. కావలసింది మార్గాన్నీ, వేగాన్నీ, వారాన్నీ మార్చకపోవడం.

డెల్టాలో దీనిని అనుసరించేవారు కిలోమీటరుకు మించని ఒక గట్టును ఎంచుకోవచ్చు. ప్రతి పర్యటనకు తేదీ, సమయం, ఎండ, గాలి, మొక్క సంఖ్య, దశ, సంఖ్య, చిత్రాల సంఖ్యలు అనే గడులతో ఒక పట్టిక చాలు. అయితే ఆ పట్టికలో అత్యంత విలువైన అంకె సున్న. ఒక వారం ఏమీ కనిపించకపోతే చాలామంది ఆ వారాన్ని రాయరు. చూడకపోవడమూ, చూసినా లేకపోవడమూ అప్పుడు ఒకటైపోతాయి. ఈ రెంటినీ వేరుచేసేదే శూన్య నమోదు.

ఛాయాచిత్రం ఉన్నదానిని మాత్రమే చూపగలదన్నది సాధారణ అభిప్రాయం. తేదీతో, మొక్క సంఖ్యతో తీసిన ఖాళీ ఆకు చిత్రం, లేనిదానికి కూడా సాక్ష్యం చెబుతుంది. నిన్న గొంగళిపురుగులున్న ఆరవ మొక్క నేడు ఖాళీగా ఉంటే, కొరకని ఆకులు, మాడిన ఆకులు, బురద పట్టిన ఆకులు మూడు వేర్వేరు కారణాలను సూచిస్తాయి.

లెక్కింపుకు పరిమితులు కూడా ఉన్నాయి. ఒక గట్టు సంఖ్యలు మొత్తం డెల్టాకు వర్తించవు. ఒక ఋతువు సంఖ్యలు హెచ్చుతగ్గులను చూపుతాయి గాని దీర్ఘకాలిక క్షీణతను నిరూపించవు. ఎగిరే జీవి ఒకే ఉదయం రెండుసార్లు ఎదురుకావచ్చు. ఈ పరిమితులను నమోదుతో పాటే ప్రకటించడం శాస్త్రీయత. ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్, ఐనేచురలిస్ట్ వంటి బహిరంగ వేదికలలో చిత్రాలను చేర్చినప్పుడు ఇతరులు గుర్తింపును సరిచూడగలుగుతారు. మరొక గట్టు పరిశీలకుని నమోదుతో పోల్చడానికీ వీలవుతుంది.

10. ముగింపు:

పై చర్చ వల్ల తేలిన అంశాలు ఇవి:

➢ జిల్లేడు సీతాకోకచిలుక మనుగడ బీడులోని జిల్లేడుపైనా, పొలంలోని జనుముపైనా, వాటిని కలిపే కాలువగట్లపైనా ఆధారపడి ఉంది.

➢ దానిని సరిగా గుర్తించాలంటే వెనుకరెక్క చిత్రం ప్రధానం. ఆ శ్రద్ధ లేనిచోట దానిని అనుకరించే రక్షిత జాతి కూడా గుర్తింపుకు అందదు.

➢ ఋతువు పొడవునా ఒకే చోట, ఒకే పద్ధతిలో చేసిన నమోదు మాత్రమే వరద, పూడికతీత, కలుపుమందు వంటి మార్పుల ప్రభావాన్ని చెప్పగలదు.

➢ ఖాళీ ఆకును, శూన్య సంఖ్యను కూడా నమోదు చేసినప్పుడే చిత్రాల సేకరణ పరిశీలన అవుతుంది.

ఈ పనికి విశ్వవిద్యాలయ ప్రయోగశాల అవసరం లేదు. విజయవాడ నుంచి బందరు వరకు కాలువ పక్కనున్న ఏ ఉన్నత పాఠశాల విద్యార్థులైనా, ఏ కళాశాల వృక్షశాస్త్ర, జంతుశాస్త్ర విభాగాలైనా పది జిల్లేడు మొక్కలతో దీనిని ప్రారంభించవచ్చు. ఒక జాతిని 'సాధారణం' అనడం కూడా ఒక శాస్త్రీయ ప్రకటనే. దానికీ ఆధారం కావాలి. ఆ ఆధారం, జాతి సాధారణంగా ఉన్న రోజులలోనే సేకరించదగినది.